“పరిష్కరించాం” అని మీరు మూసేసిన మా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: యాప్ అప్‌డేట్ తర్వాత చూపు లేనివారికి, వీల్‌చెయిర్ వాడేవారికి మీ ఫిట్‌నెస్ బ్యాండ్ పనికిరాకపోవడం

అయ్యా,

మా వ్యాయామ కేంద్రం పెట్టిన ఫిర్యాదును మీవాళ్లు “పరిష్కరించాం” అని మూసేశారు. ఏమీ పరిష్కారం కాలేదు. మూసేముందు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మళ్లీ తెరవమంటే కొత్త టికెట్ పెట్టమన్నారు. పెడితే, ఇది పాతదే కదా అని దాన్నీ మూసేశారు.

అప్‌డేట్‌తో యాప్‌లో బటన్లకు పేర్లు పోయాయి. టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే సదుపాయం) పెట్టుకుని వేలితో తడిమితే, మొదలుపెట్టే బటన్ ఏదో, రికార్డు చెరిపేసే బటన్ ఏదో తెలియడం లేదు. చేత్తో చక్రం తోసిన లెక్క చూపే సెట్టింగూ మాయమైంది.

ఇది చెబితే చాట్‌లో ఒకావిడ స్క్రీన్‌షాట్ అడిగారు. స్క్రీన్‌షాట్‌లో బటన్ బొమ్మ బాగానే ఉంటుంది, తప్పంతా వినిపించే మాటలో ఉందని చెప్పాం. మళ్లీ స్క్రీన్‌షాటే అడిగారు. ధ్వనితో సహా రికార్డు చేసి పంపితే ఫైల్ తెరుచుకోలేదన్నారు. ఫోన్‌లో ఇంకొకాయన, బ్యాండ్ రీసెట్ చేసి ఇరవై అడుగులు నడవమన్నారు. మనిషి వీల్‌చెయిర్‌లో ఉన్నారని చెప్పాక, “ఇంట్లో ఎవరిచేతైనా నడిపించండి” అన్నారు! తర్వాత వేరే విభాగానికి కలుపుతున్నామని పాట పెట్టారు, కాల్ కట్ అయింది. మీ ఫిర్యాదు ఫారమ్‌లో వంకర అక్షరాలు చూసి టైపు చేయాలి, విని టైపు చేసే మార్గం లేదు. చూపు లేనివారు తమ ఇబ్బంది మీకు చెప్పుకోవాలన్నా పక్కన ఒకరు ఉండాల్సిందే.

అన్నిటికన్నా మాకు భయం గుండె వేగం గురించే. మీ యాప్ 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ వేగం లెక్కగడుతుంది. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారిలో గుండె వేగాన్ని పెంచే నరాలకు మెదడు నుంచి సంకేతాలు అందవు. ఎంత శ్రమపడినా గుండె వేగం సాధారణంగా నిమిషానికి 110–130 దాటదు. 30 ఏళ్ల మనిషికి యాప్ 190 అని పెట్టుకుని, ఆయన శక్తి అయిపోయాక కూడా “వేగం పెంచండి” అంటూనే ఉంటుంది. పాత వెర్షన్‌లో ఆ అంకెను మేమే మార్చుకునేవాళ్లం. దాన్ని తీసేశారు. ఫిజియోథెరపిస్టు లేఖ జతచేసి ఇదంతా రాస్తే “మీ సూచనకు ధన్యవాదాలు” అని జవాబొచ్చింది. మేం పంపింది సూచన కాదు, హెచ్చరిక.

ఇవి చేయలేని పనులు కావు. ఆపిల్ వాచ్‌లో చక్రం తోపుల లెక్క 2016 నుంచీ ఉంది. బటన్‌కు పేరు పెట్టడమంటే ఆండ్రాయిడ్ కోడ్‌లో ఒక్కో వివరణ రాయడమే. చేతులు వణికేవారి కోసం తాకే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర మీది సైజుల కొలత) ఉంచండి. విడుదలకు ముందు టాక్‌బ్యాక్ వాడేవారి చేత, తెర కనిపించకుండా చేసి, వ్యాయామం మొదలు నుంచి చివరిదాకా చేయించి చూడండి.

మా దగ్గరికి వచ్చేవారందరి చేతా మీ బ్యాండే కొనిపించాం. ఇప్పుడు వాళ్లకు మేం జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది. తీసేసిన రెండు సెట్టింగులు, బటన్ల పేర్లు తిరిగి పెట్టండి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఊరుకోం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుల కమిషన్‌కు, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్ర కమిషనర్‌కు, మీవాళ్ల చాట్ కాపీలతో సహా వెళ్తాం.

ఈసారి జవాబు రాసేవారు తమ పేరు, హోదా, నేరుగా పలికే ఫోన్ నంబరు రాయాలి.

ఇట్లు,
వ్యాయామ శిక్షకులు