టీబీ మాత్రలిచ్చే చోటే కళ్లు కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా బాబాయి టీబీ మందులు వాడుతూ మూడో నెలలో ఉండగా, పచ్చడికి పండుమిరపకాయలు ఏరిపెట్టమని పిన్ని చేట ముందు పెడితే పచ్చివీ పండువీ కలిపేసి ఇచ్చారు. పరాకు అనుకుని పిన్ని విసుక్కుంది. పది రోజులకి ఎదురుగా ఉన్న మనిషి ముఖం మధ్యలో మసగ్గా ఉందన్నారు. నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు, నీరు కారలేదు, అందుకే కళ్లజోడు షాపుకి వెళ్లి అద్దాలు మార్పించుకున్నారు, ఊళ్లో కంటి క్యాంపు పెడితే అక్కడ శుక్లం లేదని పంపేశారు. నెలన్నర అలా పోయింది. చివరికి కాకినాడలో ఒక డాక్టరు గారు ‘ఏం మందులు వాడుతున్నారు’ అని అడిగారు. అంతకుముందు ఆ మాట ఒక్కరూ అడగలేదు.

టీబీ మందుల్లో ఎథాంబుటాల్ అనేది కొద్దిమందికి కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని దెబ్బతీస్తుందట. ముందు ఎరుపు, ఆకుపచ్చ తేడా పోతుంది, తర్వాత చూపు తగ్గుతుంది, ఎక్కువగా రెండు కళ్లకీ. మోతాదు ఎక్కువైనా, కిడ్నీలు సరిగా లేకపోయినా ప్రమాదం ఎక్కువ, మా వైపు షుగర్ లేని ఇల్లు వెతుక్కోవాలి కాబట్టి కిడ్నీల సంగతి చెప్పక్కర్లేదు. ఇదివరకు కొత్త రోగులకి ఈ మందు మొదటి రెండు నెలలే ఇచ్చేవారు, ఇప్పుడు రోజూ వేసుకునే పద్ధతిలో ఆరు నెలలూ ఉంటోంది.

ఇది రాయడానికి కాస్త భయపడ్డాను. చదివి ఎవరైనా మాత్రలు మానేస్తారేమోనని. దయచేసి సొంతంగా మానొద్దు, టీబీ ముదిరితే ప్రాణానికే ముప్పు. బాబాయికి కూడా డాక్టర్లే ఆ ఒక్క మందు ఆపి మిగతావి కొనసాగించారు. వెంటనే ఆపితే చాలామందికి చూపు మెల్లగా తిరిగొస్తుందట, ఆలస్యమైతే చెప్పలేం. బాబాయికి ఇప్పుడు పేపర్లో హెడ్డింగుల వరకు కనిపిస్తున్నాయి.

నేను అడిగేది పెద్ద మెషీన్లు కాదు. పీహెచ్‌సీలో నెలనెలా మాత్రలిచ్చేటప్పుడు ఒక్కో కన్ను మూయించి గోడమీది అక్షరాల చార్టు చదివించండి, రంగు చుక్కల్లో అంకెలుండే పుస్తకం చూపించండి, ఐదు నిమిషాల పని. మందులు మొదలెట్టిన రోజే ఒకసారి చూసి కార్డులో రాస్తే తర్వాత తేడా తెలుస్తుంది. కంటి క్యాంపుల్లో కూడా శుక్లం ఉందా, అద్దాలు కావాలా అన్నదానితో ఆపేయకుండా వాడే మందులు అడగమని జిల్లా అధికారులు చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కోనసీమ జిల్లా