కాగితాలు అందాయి, వీడియో ఏది? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం మంత్రి గారికి,

నమస్కారాలు. పోలీసు సోదాల వీడియో కాపీలు ముద్దాయిలకు ఇప్పించమని వినతిపత్రాలు ఇచ్చాం, రసీదులు దాచుకున్నాం. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

సోదా, జప్తు వీడియో తీయాలన్న బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105ను మేమూ కాదనలేదు. ఆ వీడియో ముద్దాయి చేతికి ఎప్పుడొస్తుందన్నదే మా గోడు. సెక్షన్ 230 ప్రకారం ముద్దాయి హాజరైన 14 రోజుల్లో కేసు పత్రాల కాపీలన్నీ అందాలి. అందుతున్నది కాగితాల కట్ట. వీడియో అడిగితే ల్యాబుకు పోయిందంటారు, సర్వర్లో ఉందంటారు. మరీ పట్టుబడితే వాట్సాప్‌లో తిరిగొచ్చిన ముక్కొకటి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారు. వాట్సాప్‌లో వీడియో కుదించుకుపోతుంది, హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) మారిపోతుంది. ఇక ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్లో రాసిన విలువతో దేన్ని పోల్చాలి? ఏ, బీ రెండు భాగాలూ నింపిన సర్టిఫికెట్ అడక్కుండా వస్తే మాకది పండగే.

ఇచ్ఛాపురం దారిలో దొరికే గంజాయినే తీసుకోండి. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపార పరిమాణం. శిక్ష కనీసం 10 ఏళ్లు, బెయిలుకు మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 37 అడ్డం. పంచనామాలో 21 కిలోలని ఉందనుకోండి. గోనెసంచి, టేపు, కవర్లతో కలిపి తూచారా, తీసేసి తూచారా? చట్టం గంజాయిగా లెక్కించని, పూత లేని ఉత్త ఆకు, గింజ వేరు చేశారా? కాటా సున్నా మీద ఉందా? సాయంత్రం 4 గంటలకని రాసిన జప్తు వీడియోలో చీకటి పడి ఉందా? ఒక్క కిలో తేడాతో మనిషి బతుకు మారిపోయే చోట ఇవి చాదస్తపు ప్రశ్నలు కావు. మధ్యవర్తులు సంతకం పెట్టిన కాగితం వీటికి జవాబు చెప్పదు.

గడువులు మాత్రం పరుగెడుతూనే ఉంటాయి. పత్రాలు ఒప్పుకుంటారో కాదంటారో బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 330 కింద 30 రోజుల్లో తేల్చాలి. వారంట్ కేసైతే సెక్షన్ 262 కింద 60 రోజుల్లో డిశ్చార్జి (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమనే) పిటిషన్ వేయాలి. రెండు లెక్కలూ కాపీలు అందిన నాటి నుంచే. కట్ట చేతిలో పడగానే ‘కాపీలు అందినవి’ అని రాసేస్తారు. చూడని వీడియోను ఒప్పుకోమంటారా, కాదనమంటారా? మెమరీ కార్డులో ఉన్నదీ పత్రమేననీ, మామూలుగా దాని క్లోన్ కాపీ (అచ్చు నకలు) ముద్దాయికి ఇవ్వాల్సిందేననీ సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. తమ శాఖకు ఆ సంగతి ఇంకా చేరలేదేమో.

అంపోలు జైల్లో రిమాండులో ఉన్నవాడికి పెన్‌డ్రైవ్ ఇచ్చినా దేనిలో పెట్టుకు చూస్తాడు? ఆ ఏర్పాటూ చేయించండి. అసలు ఫైలు మారకుండా, హ్యాష్ విలువతో, సర్టిఫికెట్‌తో ఛార్జిషీటుతో పాటే రావాలి. ఎన్ని ఫైళ్లు తీశారో, ఏది ఎన్ని నిమిషాలో, కోర్టుకు పెట్టనివి ఏవో జాబితా ఇవ్వాలి. స్టేషన్లకు ఒక్క సర్క్యులర్ పంపండి మేడమ్. అదీ కుదరకపోతే, కుదరదనైనా రాతపూర్వకంగా చెప్పించండి. హైకోర్టులో జతచేయడానికి పనికొస్తుంది.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించే న్యాయవాదులు