స్కాన్ కోసం అయితే రావద్దు రమణా

తిరుపతి,
ఆదివారం.

ఒరేయ్ రమణా,

నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నా. కానీ షాపులో గిరాకీ మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదిది. అందుకే రాస్తున్నా. నువ్వూ వదినా రాత్రి భోజనాలయ్యాక నిదానంగా చదవండి.

ముందు నువ్వడిగినదానికి జవాబు. పాపను చిత్తూరు నుంచి తీసుకొచ్చి మా సెంటర్లో ఎంఆర్‌ఐ తీయిస్తే ఈ బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, అదే భావాలు అదుపు తప్పి, అయినవాళ్లు వదిలేస్తారన్న భయం వెంటాడే మానసిక జబ్బు, సంగతి తేలిపోతుందా అన్నావు. తేలదురా. ఆ మిషన్ దగ్గర పనిచేసేవాడిగా చెబుతున్నా, ఆ డబ్బు దాచుకో. ఫిట్సో, గడ్డో ఉందని అనుమానం వచ్చి డాక్టరే రాస్తే అది వేరే మాట. ఈ జబ్బును మాత్రం ఫిల్మ్ చూసి ఎవరూ చెప్పలేరు. డాక్టరు పాపతో మాట్లాడాలి, మిమ్మల్ని అడగాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకైతే ఆ లక్షణాలు కనీసం ఏడాదిగా ఉంటేనే ఆ పేరు పెడతారు.

మరి మెదడులో తేడాలు కనిపించాయని నువ్వు చదివింది అబద్ధమా? కాదు. అది ఫంక్షనల్ ఎంఆర్‌ఐ. మేము రోజూ తీసేది మెదడు ఆకారం. అందులో పరిశోధకులు మనిషిని మిషన్లో పడుకోబెట్టి రకరకాల మొహాల ఫోటోలు చూపిస్తూ, మెదడులో ఏ భాగం ఎక్కువ పనిచేస్తోందో రక్తంలోని ఆక్సిజన్ మార్పులను బట్టి పట్టుకుంటారు. అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే చిన్న భాగం ఈ జబ్బున్నవాళ్లలో గట్టిగా స్పందిస్తున్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఏ భావమూ లేని మామూలు మొహం కూడా వాళ్లకు కోపంగానో, బెదిరిస్తున్నట్టో కనిపిస్తుందట. ఇది చదివినప్పుడు నాకు మీ ఇల్లే గుర్తొచ్చిందిరా. నువ్వు అలసిపోయి వచ్చి మాట్లాడకుండా కూర్చుంటే, "నా మీద కోపమా నాన్నా, నన్ను వదిలించుకోవాలనుకుంటున్నావా" అని పాప ఏడుస్తుందని రాశావు చూడు. అది నాటకం కాదు. ఆ క్షణంలో నీ మొహం దానికి నిజంగానే అలా కనిపిస్తోంది.

ఆ భయాన్ని అదుపు చేయాల్సింది మెదడు ముందుభాగం. ఘాట్ రోడ్డు దిగుతున్న బండికి బ్రేకు ఆలస్యంగా పడితే ఎలా ఉంటుందో, వీళ్ల పరిస్థితి అలాంటిది. పైగా ఆ ముందుభాగం ఎవరికైనా పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. మెల్‌బోర్న్‌లో ఆండ్రూ చానెన్ బృందం 2008లో ఈ జబ్బున్న టీనేజ్ పిల్లల మెదళ్లను పరిశీలిస్తే, కళ్లకు కాస్త పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ భాగంలో కుడివైపు తేడా కనిపించింది. పెద్దవాళ్లలో తరచూ చెప్పే తేడా, అంటే అమిగ్డలా, జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ సైజు తగ్గడం మాత్రం ఆ పిల్లల్లో లేదు. నాకు ధైర్యమిచ్చిన సంగతి ఇదే. అయితే ఇవన్నీ కొందరిని కలిపి తీసిన సగటు లెక్కలు. ఒక్క పాపను పడుకోబెట్టి చూస్తే ఏమీ తేలదు.

వదినకు ఒక మాట చెప్పు. "నా పెంపకంలోనే లోపం" అని ఆవిడ కుమిలిపోవడం నాకు నచ్చలేదు. పుట్టుకతో వచ్చే సున్నితత్వం, జన్యువులు, చిన్ననాటి అనుభవాలు అన్నీ కలిసి వచ్చేది ఇది. ఎవరో గాలి సోకిందన్నారని తాయెత్తులు కట్టించి రోజులు పోగొట్టుకోకండి.

ఇది తగ్గుతుందిరా. అమెరికాలో మేరీ జనారిని బృందం ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన 290 మందిని పదేళ్లపాటు గమనించింది. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, 93 శాతం మందికి లక్షణాలు తగ్గి కనీసం రెండేళ్లు అలాగే నిలిచాయి. చదువు, ఉద్యోగం, స్నేహాలతో సహా పూర్తిగా కుదురుకున్నవాళ్లు సగం మందే, అది కూడా దాచను. అందుకే థెరపీ తొందరగా మొదలుపెట్టాలనేది. అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహాన్ తయారుచేసిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే పద్ధతి ఉంది, ఉప్పొంగే భావాలను అదుపు చేసుకోవడం నేర్పే మాటల చికిత్స. ఆవిడ చిన్న వయసులో తానే ఇలాంటి బాధపడి ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటికి చెప్పింది. ఏడాది డీబీటీ తర్వాత అమిగ్డలా స్పందన తగ్గినట్టు 2014లో ఒక చిన్న అధ్యయనంలో తేలింది కూడా.

పాప కోపంగా ఉన్నప్పుడు తప్పొప్పులు తేల్చడానికి కూర్చోవద్దు. "నీకు భయమేసింది కదమ్మా" అను చాలు. నీకు కోపం లేకపోతే లేదని నోటితో చెప్పు, మొహం చూసి అర్థం చేసుకుంటుందని అనుకోవద్దు. తనకు తాను హాని చేసుకుంటానంటే మాత్రం బెదిరింపులే అని వదిలేయకుండా పక్కనే ఉండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

వచ్చే వారం పాపను తీసుకురా, స్కాన్‌కి కాదు. ఇక్కడి రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్దాం. చీటీ నేను ముందే వెళ్లి రాయిస్తాను. పాపకు ఇష్టమైతేనే, దానికి ముందే చెప్పి తీసుకురా. బస్సు ఎక్కగానే ఫోన్ చెయ్యి, స్టాండుకు వస్తా.

నీ
మురళి