ఏంజెల్ ఐలాండ్ గోడలు చెప్పే కథ

సంపాదకులు గారికి,

నమస్కారం. శాన్‌ఫ్రాన్సిస్కో చూసివచ్చిన తెలుగువారి యాత్రా వ్యాసాలను మీ ఆదివారం సంచికలో శ్రద్ధగా చదువుతుంటాను. గోల్డెన్ గేట్ వంతెన, ఆల్కట్రాజ్ జైలు వాటిలో తప్పక ఉంటాయి. అదే అఖాతంలో ఉన్న ఏంజెల్ ఐలాండ్ గురించి మాత్రం నాకు ఒక్క వాక్యమూ కనబడలేదు. నిరుడు మా అమ్మాయి నన్ను అక్కడికి తీసుకువెళ్లినప్పటి నుంచి ఆ లోటు నన్ను బాధిస్తోంది.

1910 నుంచి 1940 వరకు, పసిఫిక్ మీదుగా వచ్చినవారిని ఆపి విచారించిన వలస కేంద్రం ఆ దీవిలో ఉండేది. చైనా కార్మికుల రాకను నిషేధించిన 1882 నాటి చట్టాన్ని అమలు చేయడం దాని ప్రధాన బాధ్యత. 1906 భూకంపం వెంట రేగిన మంటల్లో నగరపు జనన రికార్డులు కాలిపోవడంతో, అక్కడి చైనావారు చాలామంది తాము అమెరికాలోనే పుట్టిన పౌరులమని చెప్పుకోగలిగారు. పౌరుల బిడ్డలకు ఆ నిషేధం వర్తించదు గనుక, అలాంటి పౌరుల బిడ్డలమంటూ వచ్చినవారిలో సొంత సంతానమెవరో, కాగితాల మీది సంతానమెవరో తేల్చడానికి అధికారులు మీ ఇంటికి మెట్లెన్ని, ఊరి బావి ఎటువైపు ఉంది అంటూ గుచ్చి గుచ్చి అడిగేవారు. తండ్రి మాటకూ కొడుకు మాటకూ పొంతన కుదరకపోతే తిరుగు ఓడ ఎక్కవలసి వచ్చేది. తీర్పు కోసం వారాలూ నెలలూ ఎదురుచూసిన ఆ బందీలు తమ దుఃఖాన్ని చెక్క గోడల మీద పద్యాలుగా చెక్కుకున్నారు. కూల్చివేతకు సిద్ధమైన ఆ బరాకుల్లో 1970లో పార్కు ఉద్యోగి అలెగ్జాండర్ వైస్ వాటిని గమనించి నలుగురికీ చెప్పకపోయి ఉంటే, ఆసియా అమెరికన్లు పట్టుబట్టి పోరాడకపోయి ఉంటే, ఆ అక్షరాలు మట్టిలో కలిసిపోయేవి. 1997లో ఆ కేంద్రానికి జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది.

భారతీయులూ ఆ దీవిలో నిర్బంధం అనుభవించారు. మనవారిని తిప్పి పంపిన పాళ్లు మరీ ఎక్కువ. పెషావర్ నుంచి వైష్ణోదాస్ బగాయ్ 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో అక్కడ దిగారు. శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని బర్కిలీలో ఆ కుటుంబం ఇల్లు కొనుక్కుంటే, ఇరుగుపొరుగువారు తాళం వేసి లోపలికి అడుగుపెట్టనివ్వలేదు. 1921లో ఆయనకు దక్కిన పౌరసత్వం, పౌరసత్వానికి అర్హులైన తెల్లవారి కోవలోకి భారతీయులు రారని అమెరికా సుప్రీంకోర్టు 1923లో చెప్పిన తీర్పుతో పోయింది. ఏ దేశానికీ చెందనివాడినయ్యాననే వేదనతో, పత్రికకు ఒక లేఖ రాసిపెట్టి, 1928లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఒక పత్రికకే ఈ ఉత్తరం రాస్తున్న నాకు ఆ సంగతి పదే పదే గుర్తుకు వస్తోంది. ఒకనాడు గడప తొక్కనివ్వని ఆ బర్కిలీలోనే నేడు కళా బగాయ్ పేరిట ఒక వీధి ఉంది. మన దరిశి చెంచయ్య కాలిఫోర్నియాలో చదువుకుంటూ భారత స్వాతంత్ర్యం కోసం అక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరినది కూడా ఆ కాలంలోనే కాబట్టి, ఇది తెలుగువారికి పరాయి కథ కాదు.

ఈ వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల కోసమైనా ఆ కేంద్రం గురించి ఒక సమగ్ర వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. రేవులో మెట్లెక్కి మైలుకు పైగా నడిస్తే గాని బరాకులు రావు గనుక, పెద్దవారు ఆ ఒక్క చోటుకే ఒక పూట కేటాయించుకోవడం మంచిదని కూడా అందులో రాయండి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు