ఈ శనివారం మన సినిమా: 'రాత్రి'

అందరికీ నమస్కారం. ఈసారి సినిమా ఎంచే వంతు నాది కదా, 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' పెడుతున్నా. 'శివ', 'క్షణ క్షణం' అంటే గంటలకొద్దీ మాట్లాడే మనవాళ్లు దీని ఊసే ఎత్తరు. నాకు మాత్రం ప్రాణం.

మొదటి నిమిషాలు అస్సలు మిస్ అవ్వకండి. రేవతి బస్సు దిగుతుంది, చుట్టూ నరమానవుడు ఉండడు. ఏదో వెంటపడుతుంది. అదేంటో చూపించరు, కెమెరానే ఆ 'ఏదో' అయి ఆమె మీదికి దూసుకొస్తుంది. కెమెరా పట్టింది తేజ, తర్వాత 'చిత్రం' తీసిన తేజనే. తెల్లచీర దయ్యం లేకుండా మామూలు ఇల్లు, మామూలు కుటుంబం, ఒక పిల్లితోనే వణికించారు. ఖాళీ సినిమా హాల్లో రేవతి ఒంటరిగా మిగిలే సీను గురించి ఇప్పుడేం చెప్పను, చూశాక మాట్లాడుకుందాం.

ఓంపురి భూతవైద్యం కొంచెం సాగుతుంది, నిజమే. అయినా రేవతి నటన కోసం చివరిదాకా కూర్చోవాలి.

రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడదాం. లైట్లు ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పై వారానికి ఎవరూ పట్టించుకోని సినిమా ఇంకోటి చెప్పండి, ఫ్లాపైనా పర్లేదు.