తాతయ్య డైరీ

ఒరేయ్,

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. తిట్టుకోకు. ఫోన్‌లో అయితే "పోయాడ్రా" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. రాస్తే కాస్త కుదురుగా చెప్పొచ్చనిపించింది.

తాతయ్య పోయి ఇరవై రోజులైంది. రాత్రి మామూలుగానే పడుకున్నాడు, పొద్దున లేవలేదు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "ఇంటి కోసమే బతికిన మనిషి" అని. నిజమే. కానీ వింటుంటే ఇంకెవరి గురించో చెబుతున్నట్టుంది నాకు. ఆయన ప్రేమగా ఒక్క మాట అనగా నువ్వు విన్నావా? క్లాసులో ఫస్టొచ్చానని పరిగెత్తుకుంటూ వెళ్లి చెబితే, నా కాళ్ల వంక చూసి "చెప్పులు బిగుతయ్యాయా?" అన్న మనిషి!

ఆ చెప్పుల సంగతి మొన్న తెలిసింది. బీరువా సర్దుతుంటే రబ్బరు బ్యాండు వేసిన పాత డైరీ ఒకటి దొరికింది. అప్పుల లెక్కలేమోనని నాన్నకి టెన్షన్. తెరిస్తే ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. కళ్లద్దాల పవర్, బ్లడ్ గ్రూపు, ఎవరికి ఏ మందు పడదు, పాదం పొడవు. నా పేజీలో 15 సెంటీమీటర్ల దగ్గర మొదలైంది. అది కొట్టేసి 16, అదీ కొట్టేసి 17... అలా 26 దాకా వచ్చి ఆగింది. ప్రతి అంకె పక్కనా "సాయంత్రం" అని రాసుకున్నాడు. గుర్తొచ్చిందా? మడమ గోడకి ఆనించి నిలబెట్టి, బొటనవేలి ముందు పెన్సిల్‌తో గీత గీసేవాడు. పొద్దున కొలవమంటే ఒప్పుకునేవాడు కాదు. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పొద్దుటి కొలతతో కొంటే సాయంత్రానికి కరుస్తాయనేవాడు. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాని లెక్కే రాసేవాడు. మాకదంతా చాదస్తంలా ఉండేది.

నానమ్మ పేజీలు నాలుగు. పక్షవాతం వచ్చాక ఆవిడ కుడి చెయ్యి లేవలేదు కదా, జడ ఆయనే వేసేవాడు. "చిక్కు కింది నుంచి తియ్యాలి. పైనుంచి లాగితే నొప్పి" అని రాసుకున్నాడు. దాని కింద ఎర్ర ఇంకుతో గీత. ఆ గీత ఎన్ని చీవాట్ల తర్వాత పడిందో!

దేవుడేం కాదులే. మొండి మనిషి. చెవి మిషన్ పెట్టుకోమంటే రెండేళ్లు మాతో పోట్లాడాడు. "నాకు బాగానే వినిపిస్తోంది, మీరే గొణుగుతున్నారు" అని. అందులో కొంత నిజముందని తర్వాత డాక్టరు చెప్పారు. వయసు మీద పడితే ముందు సన్నటి శబ్దాలు పోతాయట. బొంగురు గొంతులు అందుతాయి, చిన్నపిల్లల మాటలు అందవు. బాబాయి పిలిస్తే పలికి, మా పాప పిలిస్తే పలకకపోయేది అందుకే. తాతకి నేనంటే ఇష్టం లేదని అది ఎన్నిసార్లు ఏడ్చిందో. సంగతి తెలిశాక గొంతు లావు చేసి, పోలీసులా "తాతా, ఇటు రా" అని అరవడం మొదలెట్టింది. ఆయన నవ్వుతూ లేచి వెళ్లేవాడు. చివరికి దాని మాట మీదే మిషన్ పెట్టుకున్నాడు. మేమంతా రెండేళ్లు వాదించింది దండగ.

ఇప్పుడు మిషన్ డబ్బాలో ఉంది. పాప మాత్రం ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకా ఆ లావు గొంతుతోనే మాట్లాడుతోంది. ఆపమని ఎవరం అనలేదు.

అసలు ఈ ఉత్తరం మొదలెట్టింది ఇంకో విషయం చెబుదామని. డైరీ చివర్లో, మా అందరి పేజీలూ అయిపోయాక, ఇంకో పేజీ ఉంది. పైన పేరు లేదు, "వీడి స్నేహితుడు" అని మాత్రం ఉంది. కింద: "24. కుడికాలు కొంచెం పెద్దది. అడిగితే చెప్పడు, మొహమాటం."

ఆ ఏడాది నీ చెప్పులు తెగిపోతే, నాకు తెచ్చినవి పెద్దవయ్యాయని చెప్పి నీకిచ్చాడు చూడు. నావి కావురా అవి.