నొప్పికీ భయానికీ వైద్యం కలిపే చేయించుకో

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

"ముందు నడుము నొప్పి తగ్గనీ అమ్మా, పీడకలల సంగతి తర్వాత చూద్దాం" అన్నావు. ఫోనులో వాదిస్తే విసుక్కుంటావని ఊరుకున్నాను. కానీ ఎముకల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, చూస్తూ చూస్తూ ఊరుకోలేను. అందుకే రాస్తున్నాను.

ఆ రెండూ వేరు కావు నాన్నా. లారీ బ్రేకు చప్పుడు వినగానే ఒళ్లంతా బిగుసుకుంటుందని నువ్వే చెప్పావు. అలా బిగుసుకుంటే, అసలే దెబ్బతిన్న నడుము ఇంకా సలుపుతుంది. నొప్పి లేచిందంటే ఆ రోడ్డు ప్రమాదం జరిగిన రాత్రి మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది. ఇక నిద్ర ఎక్కడిది? నిద్ర లేని మనిషికి ఉన్న నొప్పే రెట్టింపుగా తోస్తుంది. భయంతో బయటికి వెళ్లవు, నొప్పితో కదలవు, కదలక నడుములో బలం పోతుంది. ఇందులో ఒకటి తగ్గేదాకా రెండోది ఆగుతుందా?

స్కాన్‌లో ఏమీ లేదన్నారని నీ నొప్పి అబద్ధం అయిపోదు. మూడు నెలలు దాటి నిలిచిపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఎముక అతుక్కున్నా, నరాలూ మెదడూ చిన్న కదలికకు కూడా పెద్ద ప్రమాదంలా స్పందిస్తూనే ఉండవచ్చు. "మనసు గట్టి చేసుకో" అనే బంధువులకు ఈ సంగతి తెలియదు, వాళ్లకు జవాబు చెప్పే పని కూడా నీకు లేదు. ఘోరం జరిగాక ఇలా భయం, పీడకలలు వదలకుండా వెంటాడే జబ్బును పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. ఆ పేరును అమెరికా మానసిక వైద్యులు 1980లో తమ జబ్బుల జాబితాలో చేర్చారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల బాధే అందుకు ముఖ్య కారణం. అయితే ఇది సైనికులకే వచ్చేది కాదు. రోడ్డు ప్రమాదంలో బతికి బయటపడ్డవాళ్లకూ వస్తుంది.

ఇప్పుడు మాత్రల విషయం. ఇది జాగ్రత్తగా చదువు. నొప్పికి ట్రమడాల్, నిద్రకు ఆల్ప్రజోలామ్ వేసుకుంటున్నావని కోడలు పిల్ల చెప్పింది. ఆమెను ఏమీ అనకు, భయపడి చెప్పింది. ఆ రెండూ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు, అది మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కాదు. ఆల్ప్రజోలామ్ ఆ రాత్రికి నిద్రపుచ్చుతుందేమో కానీ ఈ జబ్బును నయం చేయదు, అలవాటు మాత్రం చేస్తుంది. అలాగని రేపే రెండూ ఆపేయకు. ఒక్కసారిగా మానితే మూర్ఛలు కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకోవాలి. మానసిక వైద్యుడు ఈ జబ్బుకు వాడే సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ లాంటి మందులు రాసే ముందు ట్రమడాల్ సంగతి తప్పకుండా చెప్పు, అవి దానితో పొసగకపోవచ్చు. ఎముకల డాక్టరు రాసిన చీటీ మానసిక వైద్యుడికీ, మానసిక వైద్యుడు రాసినది ఎముకల డాక్టరుకూ చూపించు. ఇద్దరూ మంచి డాక్టర్లే అయినా, ఒకరు రాసింది మరొకరికి తెలియక రోగి నలిగిపోవడం వార్డులో నేను చూశాను.

మందులకన్నా ముందు మాట్లాడి చేసే చికిత్స అడుగు. జరిగినదాన్ని తప్పించుకోకుండా, తోడుగా ఒక నిపుణుడు ఉండగా కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం అందులో ముఖ్యం. సాధారణంగా వారానికి ఒకసారి చొప్పున కొన్ని నెలలు పడుతుంది. మొదటి వారాల్లో కలలూ నొప్పీ పెరిగినట్లు అనిపించవచ్చు, అప్పుడు మానేయకు. నిద్రలో నీ స్నేహితుడి పేరు పిలుస్తున్నావట. అతను పోయి నువ్వు మిగిలావన్న బాధ నాతో చెప్పుకోలేకపోతే ఫరవాలేదు, అక్కడ చెప్పు.

ఫిజియోథెరపిస్టుకూ ప్రమాదం సంగతి తెలియాలి. బోర్లా పడుకోబెట్టి వెనకనుంచి చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచి వచ్చేశావు కదా. "ముట్టుకునే ముందు చెప్పండి, మీరు కనపడేలా పడుకోనివ్వండి" అని అడిగితే తప్పేమీ లేదు. ఇంట్లో నడక కూడా నొప్పిని చూసి కాదు, గడియారం చూసి నడువు. బాగున్న రోజున గంట నడిచి, మర్నాడు మంచం పట్టే పద్ధతి వద్దు. పది నిమిషాలంటే పది నిమిషాలే, బాగున్నా బాగాలేకపోయినా. వారం గడిచాక రెండు నిమిషాలు కలుపు.

బెంగళూరులోనే ఉన్నావు, మనసుకూ నరాలకూ వైద్యం చేసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్ అక్కడే ఉంది. అపాయింట్‌మెంట్ దొరికేలోగా రాత్రి గుండె దడగా ఉంటే 14416కు ఫోను చెయ్యి. అది మనసు బాధలకు సాయం చేసే టెలీ మానస్ ఫోను సేవ, ప్రభుత్వానిదే, రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకు. పక్క గదిలో ఉన్నవాళ్లను లేపు, నాకు ఫోను చెయ్యి, వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

శనివారం రాత్రి రైలుకు టికెట్టు దొరికింది. నేను వచ్చేలోగా, వేసుకుంటున్న మాత్రలన్నీ ఏ పూటకు ఎన్నో ఒక కాగితం మీద రాసి ఉంచు. సోమవారం డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం. లోపలికి రావద్దంటే బయట కూర్చుంటాను.

ఇట్లు,
మీ అమ్మ